నెలాఖరు దండ

రైల్వేలో పనిచేసేవాడి మెడలో దండ రెండుసార్లు పడుతుంది. పెళ్ళినాడు ఒకసారి, రిటైరైననాడు ఒకసారి. మూడోది కూడా ఉందనుకోండి, దాన్ని చూసుకునే యోగం ఎవరికీ లేదు గనక లెక్కలోకి రాదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడి కుర్రాణ్ణే చేసుకున్న నీలవేణికి ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. నెలలో ఆఖరి తారీకు వచ్చిందంటే సాయంత్రం కాలనీ రోడ్డు మీద బాజా వినిపిస్తుంది. ఏ షెడ్డు నుంచో, ఏ ఆఫీసు నుంచో ఒక మనిషి మెడలో బంతిపూల దండతో, భుజాన శాలువాతో, తోటివాళ్ళు వెంటరాగా ఇంటికి నడిచొస్తాడు. పక్కన పట్టుచీర కట్టుకున్న భార్య, నవ్వాలో ఏడవాలో తెలియని మొహంతో. దండ ఇంటికొచ్చాకే తియ్యాలి. తీశాక ఇక డ్యూటీ లేదు.

నీలవేణి తండ్రి సోంపేట నుంచి వచ్చి లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి, ఒక నెలాఖరున అలాగే ఇంటికొచ్చాడు. భర్త ఆదినారాయణ గూడ్సు గార్డుగా కర్గీ రోడ్ మీదుగా కట్నీ దాకా తిరిగి తిరిగి, ఇంకో నెలాఖరున అలాగే వచ్చి, దండ తీసి మేకుకు తగిలించి, "అయిపోనాదే" అన్నాడు. 

అలాంటి ఇంటి మనిషితో, ఆవిడ పాఠాలు చెప్పే బడి ప్రిన్సిపాల్ వసుంధర జనవరి నెలలో ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూములోకి వచ్చి ఇలా అంది.

"నీలవేణిగారూ, ఈ ముప్పై ఒకటో తారీఖు శనివారం మీకు సన్మానం చేస్తున్నం. మీకు, మన ఆయా మంగాయమ్మకు. దండ, శాలువా అన్నీ చెప్పిన. సార్‌ను కూడా తప్పకుండ తీసుకొని రండి."

"సరేనమ్మా" అంది నీలవేణి. అనేసి పక్కనున్న కుర్చీలో కూలబడింది. నెలాఖరు, దండ, శాలువా, పక్కన భర్త. ఇంకేం మిగిలింది? బాజా ఒక్కటే తక్కువ.

ఆవిడ కూలబడ్డ ఆ కుర్చీ కూడా ఆవిడది కాదు. జ్వరమొచ్చి ఆ రోజు రాని హిందీ టీచరుది. ఆ బడిలో నీలవేణికంటూ కుర్చీ లేదు. ఎవరు రాకపోతే ఆ పూటకు వాళ్ళ కుర్చీ ఆవిడది, వాళ్ళ క్లాసు ఆవిడది, వాళ్ళ తలనొప్పి కూడా ఆవిడదే. టీచరు రాని క్లాసుకు ఇంకొకరిని పంపడాన్ని అక్కడ అరేంజ్‌మెంట్ అంటారు. టైంటేబుల్లో అందరి పేర్లూ ఉంటాయి, అరేంజ్‌మెంట్ పేరు ఉండదు.

ఇదంతా మొదలై ఇరవై ఏళ్ళ పైమాట. కూతురు భానుప్రియ అప్పుడు ఆ బడిలో మూడో తరగతి. మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి నీలవేణి వెళితే, అప్పటి హెడ్‌మాస్టరు రమణమూర్తిగారు వరండాలో తల పట్టుకుని నిలబడి ఉన్నారు. లెక్కల టీచరు పురిటికి వెళ్ళింది, అయిదో తరగతి పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తున్నారు. "అమ్మా, నువ్వు బీయే కదా, ఒక్క గంట కూకోమ్మా, నీకు పుణ్యముంటాది" అన్నారాయన. ఆ గంట ఇంతవరకూ అవలేదు. భానుప్రియ చదువు ముగించి, రాయ్‌పూర్‌లో బ్యాంకులో చేరి, పెళ్ళి చేసుకుని తల్లి కూడా అయింది. రమణమూర్తిగారు దండ వేయించుకుని వెళ్ళిపోయారు. నీలవేణి గంట మాత్రం నడుస్తూనే ఉంది.

ఆవిడ తెల్లవారకముందే లేస్తుంది. స్నానం చేసి, గంజి పెట్టిన నేతచీర కట్టుకుని, డబ్బాలో అన్నం సర్దుకుని, ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటుంది. బడిలో ఎవరైనా రావడం లేదని తెలిస్తే ఫోను మోగుతుంది. చెప్పులు వేసుకుని బయల్దేరుతుంది. మోగలేదా, బడి గంట కొట్టే వేళ దాటాక లేచి పాతచీర కట్టుకుంటుంది. మధ్యాహ్నం ఆ డబ్బా మూత తీసి, ఇంట్లోనే, అందులోనే తింటుంది. కంచంలో పెట్టుకోవచ్చు కదా అని భర్త అంటే, సర్దిన డబ్బాను అవమానించకూడదంటుంది. 

"నువ్వు లీవ్ రిజర్వువే" అంటాడు ఆదినారాయణ. రైల్వేలో ఒకడు సెలవు పెడితే వాడి డ్యూటీకి ఎక్కడానికి కొందరిని విడిగా ఉంచుతారు, వాళ్ళను లీవ్ రిజర్వు అంటారు. మాట సరిగ్గానే అతికింది. ఒక్క తేడా ఉంది. లీవ్ రిజర్వువాడికి ఆర్డరు ఉంటుంది. నీలవేణికి ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. కూరలో కరివేపాకుకు మాత్రం ఆర్డరు ఎవరిస్తారు?

అయినా ఆవిడ చేసే పనిలో ఆవిడ పద్ధతి ఆవిడకుంది. ఇంకొకరి క్లాసుకు వెళ్ళి కొత్త పాఠం మొదలుపెట్టదు. అది వాళ్ళ వంట, మనం మూత తీసి గరిటె పెట్టకూడదంటుంది. పిల్లలు ఎక్కడ తడబడ్డారో అడిగి అక్కడే కూర్చుంటుంది. నోరు విప్పని పిల్లను ముందు బెంచీకి పిలిచి, బోర్డు మీద రాయడానికి సుద్దముక్క ఇస్తుంది. ఆటల మాస్టరు కాలు విరిగినప్పుడు కొంగు బిగించి పిల్లలతో ఖోఖో ఆడించింది, సంగీతం టీచరు గొంతు పోయినప్పుడు తన గొంతు బాగుండదని తెలిసీ భజన పాడించింది. వెళ్ళేముందు మాత్రం బోర్డు శుభ్రంగా తుడిచేస్తుంది. రేపు అసలు టీచరు వచ్చేసరికి తన చోట ఎవరో నిలబడ్డారన్న ఆనవాలు ఉండకూడదు. అలా తుడిచీ తుడిచీ ఆవిడే బడిలో కనబడకుండా పోయిందని నేనంటాను. ఆవిడ ఒప్పుకోదు.

సన్మానం మాట విన్న సాయంత్రం నీలవేణి ఇంటికి మెల్లగా నడిచింది. బుధవారీ బజారులో కూరలు కొనాలని మరిచిపోయింది. ఎందుకిప్పుడు అని ఆలోచిస్తే కారణం కూడా దొరికింది. కిందటి వారమే మైత్రి అనే కొత్త టీచరు నాలుగో తరగతికి చేరింది. బీఎడ్ చేసిన పిల్ల, చురుకైనది. ఆ పిల్లతో స్టాఫు నిండింది. నిండిన బండికి లీవ్ రిజర్వు ఎందుకు? పోనీ ఆ పిల్లను కాసేపు తిట్టుకుందామంటే అదీ కుదరలేదు. మైత్రి చిన్నప్పుడు నీలవేణి అరేంజ్‌మెంట్ క్లాసుల్లో ముందు బెంచీలో కూర్చున్నదే. చేరిన రోజే వచ్చి, "ఆంటీ, ముఝే బహుత్ డర్ లగ్‌రహా హై, మొదటి రోజు నా క్లాసులో కూచోండి, ప్లీజ్" అని భయపడుతూ చెయ్యి పట్టుకుంది. నీలవేణి వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని వచ్చింది కూడా.

ఉద్యోగమే ఇవ్వనివాళ్ళు రిటైర్మెంటు ఇవ్వడమేమిటి? ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ఆ మాట అనుకుని తనలో తాను నవ్వుకుంది. నవ్వుతుంటేనే కళ్ళు చెమర్చాయి.

ఇంట్లో చెబితే ఆదినారాయణ ఎగిరి గంతేశాడు. అరవై దాటిన మనిషి గంతేస్తే చూడడానికి బాగుండదు గానీ, ఆయన సంతోషం నిజమైనదే.

"ఏటే, మొకం అలగెట్టుకున్నావు? మీ నాన్నకి సేసినారు, నాకు సేసినారు. నీకెందుకు సెయ్యకూడదు? ఇన్నేళ్ళూ లీవ్ రిజర్వులో లాగినావు. మరి సెండాఫ్ అంటే సెండాఫ్‌లాగుండాల."

"ఇప్పుడు ఆర్భాటాలేటీ వద్దండీ" అంది నీలవేణి.

"నువ్వూరుకో. నా సెండాఫ్‌కి నువ్వు పట్టుచీర కట్టి నా పక్కన నడిసినావు. ఇప్పుడు నేను నడవాల. బాజా నేను సూసుకుంతాను."

ఆ సంబరం చూసి ఆవిడ పెరట్లోకి వెళ్ళింది. నాకు మానాలని లేదండీ అని చెప్పాలి. ఇంట్లో కూర్చుని ఆ డబ్బా విప్పుకుని తినే రోజులు ఒకటీ అరా అయితే తినగలను, రోజూ అయితే నా వల్ల కాదని చెప్పాలి. చెప్పలేదు. పక్కింటి అచ్చియమ్మకు కబురు అప్పుడే చేరిపోయింది. ఆవిడ గోడ మీదుగా తల పెట్టి, "ఏటమ్మా నీలవేణీ, నువ్వూ ఇంట్లో పడతన్నావట! ఇకన సుబ్బరంగా మద్దేన్నం తొంగోవచ్చు" అంది. మంచిమాటే అనుకుని అంది. నీలవేణికి ఆ రోజు అన్నం సయించలేదు.

ప్రిన్సిపాల్‌ను ఒక్కమాట అడిగితే తేలిపోయేదే. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కానీ అడిగితే అవునంటుందేమో. అవునంటే ఆ మిగిలిన నాలుగు రోజులు కూడా పోతాయి. అందుకని అడగలేదు. మనం దీన్ని పిరికితనమనొచ్చు. ఆ చోట నిలబడ్డవాళ్ళు అలా అనరు.

అడగగలిగింది మంగాయమ్మను. మంగాయమ్మ ఆ బడిలో ఆయా. గంట కొడుతుంది, గదులు ఊడుస్తుంది, చిన్నపిల్లల ముక్కులు తుడుస్తుంది, ఏడ్చే పిల్లను చంకనేసుకుని పని చేస్తుంది. టెక్కలి నుంచి పెళ్ళై వచ్చినప్పటి భాష చెక్కు చెదరలేదు.

"మంగాయమ్మా, నీకు కూడా దండ వేస్తారంట కదా. నీకు భయమేయటం లేదా?" అని అడిగింది నీలవేణి. ఇంటర్వెల్లో ఇద్దరూ కుళాయి దగ్గర నిలబడి ఉన్నారు.

"దేనికమ్మా బయం?"

"దండేసి పంపించేస్తారేమోనని."

మంగాయమ్మ పకపకా నవ్వింది. "నన్నేటి పంపీసేది? నేను నేపోతే ఆ ఎల్కేజీ పిల్లలకి ముడ్లు ఎవులు కడుగుతారు? మీ పిన్సిపాలు కడుగుతాదా? నేను ఏ సీర కట్టుకోవాలా అని సూస్తన్నాను. నీలంది బాగుంటాదా, పసుపుదా?"

"నీలంది" అంది నీలవేణి. మంగాయమ్మ మీద ఆవిడకు కాస్త అసూయ కలిగింది. లేకపోతే జరగదని తెలిసిన పని చేతిలో ఉండడం ఎంత ధీమా! తనది అలా కాదు. తను వచ్చేదే ఇంకొకరు లేని చోటికి.

ఆ వారంలో రెండుసార్లు ఫోను మోగింది. రెండుసార్లూ వెళ్ళింది. శుక్రవారం ఆరో తరగతిలో పిరియడ్ అయ్యాక బోర్డు తుడవడానికి డస్టరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒక పిల్ల "మేడమ్, మై మిటా దూఁ?" అని అడిగింది. "వద్దమ్మా, నేనే తుడుస్తాను" అని, మూలల్లో కూడా తుడిచి, పిల్లలందరినీ ఒకసారి చూసి బయటికొచ్చింది.

శనివారం వచ్చింది. చలి ఇంకా పూర్తిగా పోలేదు. బడి ఆవరణలో షామియానా వేశారు. కాలనీ పెద్దలు కొందరు, తల్లిదండ్రులు, ముందు వరసలో ఆదినారాయణ, ఆయన పక్కన అచ్చియమ్మ. ఆయన ఇస్త్రీ చొక్కాలో, తనకే మళ్ళీ సెండాఫ్ జరుగుతున్నంత బిగువుగా కూర్చున్నాడు. నీలవేణి కట్టుకున్నది భర్త రిటైరైననాటి పట్టుచీరే. కొత్తది కొంటానంటే వద్దంది.

స్టేజీ మీద వసుంధర మైకు అందుకుంది. ఆవిడది కరీంనగర్. భర్త బొగ్గు గనుల ఆఫీసులో ఇంజనీరు, రెండేళ్ళ కిందట బదిలీ మీద వచ్చి ఆ ఆఫీసు క్వార్టర్లలోనే ఉంటున్నారు. "ఒక టీచరు రాకుంటే బడి ఆగదు. ఎందుకు ఆగదో మనం ఎప్పుడూ ఆలోచించం" అని మొదలుపెట్టింది. ముందు మంగాయమ్మను పిలిచింది. నీలం చీరలో మంగాయమ్మ స్టేజీ ఎక్కి, దండ వేయించుకుని, అందరికీ దండం పెట్టి, దిగబోతూ మళ్ళీ వెనక్కి వచ్చి ఫోటో సరిగ్గా పడిందా అని అడిగి దిగింది. పిల్లలు ఈలలేశారు, చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్లు గేటు బయటికి వినపడ్డాయి. గేటు బయట, ఆదినారాయణ పక్క ఊరు గతౌరా నుంచి పిలిపించిన గడ్వా బాజావాళ్ళు డోళ్ళు బిగించుకుని సిద్ధంగా ఉన్నారు. చప్పట్లు వినగానే మొదలెట్టమని వాళ్ళకు ముందే చెప్పి ఉంచాడు. ఎవరికి కొట్టిన చప్పట్లో వాళ్ళకేం తెలుసు? బాజా ఒక్కసారిగా లేచింది. షామియానా అదిరింది. ఎల్కేజీ పిల్లలు లేచి గంతులేయసాగారు.

అప్పటికే వసుంధర రెండో దండ చేతుల్లోకి తీసుకుని ఉంది. ఎదురుగా నీలవేణి. "ఇదేంది? బయట పెళ్ళి ఊరేగింపు పోతున్నదా?" అని వసుంధర మైకులోనే అడిగింది.

ఆదినారాయణ లేచి నిలబడ్డాడు. "పెళ్ళి కాదమ్మా, మాదే. నేనే పిలిసినాను. కొంచెం ముందుగా మొదలెట్టీసినారు" అని గేటు వైపు తిరిగి, "అరే, రుకో రుకో!" అని అరిచాడు. బాజా ఆగింది.

"మీదా? ఎందుకండీ?"

"అదేటమ్మా అలగడుగుతారు? మా ఇంటిదానికి సెండాఫ్ కదా. బాజా నేకండా ఇంటికెలాగ తీసుకెళ్తాను?"

వసుంధరకు అర్థం కాలేదు. కాలనీ పెద్దలు మాత్రం అంతా సబబే అన్నట్టు తలలూపారు. వాళ్ళ వైపు చూసింది. వెనక నిలబడ్డ టీచర్ల వైపు చూసింది. మైత్రి దగ్గరకొచ్చి చెవిలో ఏదో చెప్పింది, రైల్వే కాలనీలో నెలాఖరు దండంటే ఏమిటో. వింటూ వింటూ వసుంధర మొహం మారిపోయింది.

"అయ్యో రామా! సెండాఫ్ ఏందండీ? పరీక్షల ముందు ఖాళీగ ఉన్న శనివారం ఇదొక్కటే అని పెట్టిన. నాకు ఈ నెలాఖరు సంగతి ఏం తెలుసు? నీలవేణిగారూ, మీరు కూడా గట్లనే అనుకున్నరా? మరి నన్నెందుకు అడగలేదు?"

 షామియానా కింద అందరూ నవ్వారు. అచ్చియమ్మ అందరికన్నా గట్టిగా నవ్వింది. ఆదినారాయణకు కూడా నవ్వొచ్చింది గానీ, భార్య మొహం చూసి ఆపుకున్నాడు. పెదవులు బిగపట్టి నిలబడి ఉందావిడ. ఇన్ని రోజులుగా ఆ మొహం అలాగే ఉందని ఆయనకు అప్పుడు తట్టింది. తను గంతులేస్తూ ఉంటే ఈ మనిషి ఒక్కతే దీన్ని మోసిందని తెలిసి, ఆయన మెల్లగా కూర్చుండిపోయాడు.

వసుంధర దండ ఎత్తింది. నీలవేణి తల వంచలేదు. ఆవిడ పొడగరి, వంచితే గానీ వసుంధరకు అందదు.

"అయితే అమ్మా, నేను సోమవారం రావచ్చా?" అని అడిగింది నీలవేణి.

"అయ్యో, రండి!"

"సోమవారం ఎవరు సెలవమ్మా?"

మైకు ఇంకా వేసే ఉంది. ఆ మాట అందరికీ వినపడింది. నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ వినయం కోసం అడగలేదు, మెప్పు కోసమూ అడగలేదు. ఎవరో ఒకరు రాకపోతేనే తను రావాలి. ఇరవై ఏళ్ళుగా ఆవిడకు తెలిసిన బడి అది. జ్వరాలకు పిలిచారు, పెళ్ళిళ్ళకు పిలిచారు, పురుళ్ళకు, చావులకు పిలిచారు. అందుకని ఈసారి ఎవరి చోటో ముందే తెలుసుకుందామని అడిగింది.

వసుంధర వెనక్కి తిరిగి టీచర్లను ఒక్కొక్కరినే చూసింది. అందరూ తలలు అడ్డంగా ఊపారు. ఆవిడ మళ్ళీ నీలవేణి వైపు తిరిగింది. 

"ఎవరూ సెలవులో లేరండీ. మీరు రండి."

నీలవేణి ఏడుస్తూ తల వంచింది.